పందికొక్కు ఓడెక్కిన కథ

సందేహం: మా అమ్మాయి ఇంగ్లీషు పాఠంలో ‘బ్యాండికూట్’ అనే మాట వచ్చింది. ఒక నిఘంటువులో పందికొక్కు అని ఉంది. ఇంకో దాంట్లో ఆస్ట్రేలియాలో ఉండే ఒక సంచి జంతువు అని ఉంది. ఏది సరి? తెలుగులో పందికొక్కు అని రాయవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: అర్థాలు రెండూ సరైనవేనమ్మా. కానీ ఆ మాట పుట్టిల్లు ఇంగ్లీషు కాదు, తెలుగు. మన పందికొక్కునే దొరలు బ్యాండికూట్ చేసుకున్నారు. యూల్, బర్నెల్ 1886లో ప్రచురించిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఇది తెలుగు మాటకు వికృతి అనీ, పంది-ఎలుక అని దాని అర్థమనీ ఒప్పుకుంది. అదే జంతువును తమిళులు పెరుచ్చాళి అంటారు, కన్నడిగులు హెగ్గణ అంటారు. ఓడెక్కింది మాత్రం మన పేరే.

‘ప’ ఎందుకు ‘బ’ అయిందంటారా? పెదాల ముందు వేళ్లు పెట్టుకుని ‘పంది’ అని మీ అమ్మాయి చేత అనిపించండి. వేళ్లకు గాలి తగలదు. ఇంగ్లీషువాళ్లు మాట మొదట వచ్చే ‘ప’ను ఊపిరి ఊది మరీ పలుకుతారు. గాలి లేని మన ‘ప’ వాళ్ల చెవికి ‘బ’లా తోచి ఉంటుంది. ‘ద’ వాళ్ల నోట ‘డ’ కావడం మామూలే. చివరి ‘కు’ పోయి ‘ట్’ రావడం మాత్రం ఏ చెవో చేసిన పొరపాటనే నా అనుమానం.

బెదిరిస్తే పందిలా గుర్రుమంటుంది, పందిలా నేల కుళ్లగిస్తుంది కనుక అది పంది. కొక్కు అంటే ఎలుక. పాపం, ఈ కొక్కు ఇప్పుడు ఒంటరిగా ఎక్కడా వినిపించదు, పంది తోక పట్టుకుని బతుకుతోంది. పూర్వం దానికీ ఒక మర్యాద ఉండేది. వినాయకుడికి ‘కొక్కురౌతు’ అని పేరు! మూషికవాహనుడు అంటే చేతులు జోడిస్తాం. కొక్కురౌతు అంటే ఆ బొజ్జ, దాని కింద ఆ బుల్లి ప్రాణి అవస్థ కళ్లకు కడతాయి. రౌతు అనేది సంస్కృత ‘రాజపుత్ర’ ప్రాకృతం మీదుగా అరిగి వచ్చిన మాట. అంటే ఎలుకనెక్కిన రాకుమారుడన్నమాట. ఇంత చక్కని పేరును వినాయక చవితి నాడైనా తలుచుకునేవారు లేరు. తమిళులకు చెప్తే ఇంకోరకంగా నవ్వుతారు, వాళ్లకు కొక్కు అంటే కొంగ.

ఇక ఆస్ట్రేలియా. అక్కడ స్థిరపడిన ఇంగ్లీషువాళ్లు ముక్కు సాగిన, నేల తవ్వే ఒక చిన్న జంతువును చూసి, తెలిసిన పేరు తగిలించారు. దానికీ పందికొక్కుకూ చుట్టరికం లేదు. అది కంగారూలా పిల్లల్ని సంచిలో మోస్తుంది. ఆ సంచి మూతి వెనక్కి ఉంటుంది, తవ్వేటప్పుడు మట్టి లోపల పడకుండా. మన పందికొక్కు ఉత్త ఎలుక జాతి. 1873లో గ్రే అనే జంతుశాస్త్రవేత్త దాని ప్రజాతికి ‘బ్యాండికోటా’ అని పేరు పెట్టాడు, అంటే మన మాట లాటిన్ వేషం కూడా కట్టింది.

వాడుక చూడండి. మనం ‘పందికొక్కుల్లా తింటున్నారు’ అని తిడతాం. ఆస్ట్రేలియావాళ్లు దిగాలుగా ఉన్నవాణ్ణి బ్యాండికూట్‌తో పోలుస్తారు. అక్కడ అది క్రియ కూడా: పైన ఆకులు కదలకుండా కింద దుంపలు తవ్వుకుపోవడం. కేరళలో మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే రోబోకూ ఈ పేరే పెట్టారు.

ఈ మధ్య ఒక పత్రికలో ‘పందికొక్కులు పిల్లల్ని సంచిలో మోస్తాయి’ అని చదివి ఉలిక్కిపడ్డాను. ఆస్ట్రేలియా వ్యాసానికి అనువాదమట! దీనికి తిరగేసినట్టు, ధాన్యపు కొట్టులో దూరిన పందికొక్కును ‘బ్యాండికూట్ ర్యాట్’ అని తెలుగు లిపిలో రాసేవాళ్లున్నారు. ఇంటిపిల్ల సీమకు వెళ్లివస్తే కన్నవాళ్లే ఆమెను దొరసానీ అని పిలిచినట్టుంది. ‘ర్యాట్’ మరీ దండగ, కొక్కు అన్నాక మళ్లీ ఎలుకేమిటి?

కాబట్టి ఎలుకైతే పందికొక్కు అనే రాయండి, సందేహం అక్కర్లేదు. ఆస్ట్రేలియా జంతువుకు ప్రస్తుతానికి బ్యాండికూట్ అనే ఉంచడం మేలు. ‘సంచికొక్కు’ అందామని నాకూ నోరూరుతుంది గానీ, అది కొక్కు కాదు గదా అని ఎవరైనా నిలదీస్తే జవాబు లేదు. ముందు పాఠంలోని జంతువుకు సంచి ఉందో లేదో మీ అమ్మాయినే చూడమనండి.