బొగ్గుతో నీళ్లు శుద్ధి చేసే చదువుకు ఉద్యోగం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మాయి నెల్లూరులో బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనల్ ఇయర్. వ్యర్థాలతో బయోచార్ అనే బొగ్గు చేసి నీళ్లలో కలిసిన మందుల్ని తొలగించే పరిశోధన చేస్తానంటోంది. ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో చేర్చాలా, డేటా సైన్స్‌లోనా? మా తోడల్లుడి కొడుకు అది చదివే హైదరాబాద్‌లో సెటిలయ్యాడు.
- ఒక తండ్రి, కావలి

జవాబు: టెన్షన్ పడకండి. మీ అమ్మాయి పట్టుకున్నది అసలైన సమస్యే. 2007లో స్వీడన్ పరిశోధకులు హైదరాబాద్ దగ్గరి పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీటిని పరీక్షిస్తే, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపించింది. అంటే శుద్ధి చేశాక కూడా మందు అందులోనే ఉంది.

నా అనుమానమల్లా బయోచార్ మోజు మీదే. గాలి సరిగా ఆడకుండా కాల్చిన ఊక, పొగాకు కట్టె మందుల్ని పట్టుకుంటాయన్నది నిజమే. కానీ చాలా ప్రయోగాలు డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క మందు కలిపి చేసినవి. అసలు మురుగునీటిలో వేరే పదార్థాలు ముందే ఆ బొగ్గుకు అంటుకుని మందుకు చోటివ్వవు. మందు పట్టిన బొగ్గును తర్వాత ఎక్కడ వేయాలన్నదీ తేలాలి. ఊక కూడా ఊరికే రాదు, మిల్లు బాయిలర్లకు అదే ఇంధనం. పొట్టు మార్చి, మందు మార్చి అదే ప్రయోగాన్ని మళ్లీ రాసే పేపర్లు కుప్పలుగా వస్తున్నాయి. మీ అమ్మాయి పీహెచ్‌డీ ఐదేళ్లు అలాంటి పనిలో పోకూడదు. ఫ్యాక్టరీ నీటితోనే పనిచేసే గైడ్‌ను వెతుక్కోమనండి.

ఇప్పటికి ఎమ్మెస్సీ అనలిటికల్ కెమిస్ట్రీ మేలు. ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌తో వచ్చే ఉద్యోగాలు తక్కువ, వాటికి కెమిస్ట్రీ వాళ్లూ పోటీ వస్తారు. ఏ పదార్థం ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాల పని చేతికొస్తే నీళ్లలోనే కాదు, మాత్రలోనూ మందు కొలవగలదు. ఫార్మా క్వాలిటీ కంట్రోల్‌లో పని దొరుకుతుంది. మన రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు చూసే ల్యాబుల్లోనూ ఇలాంటి యంత్రాలే ఉంటాయి.

డేటా సైన్స్ గురించి ఒక మాట కటువుగానే చెబుతాను. అది అమ్మాయికి ఇష్టమని మీరు ఎక్కడా రాయలేదు, తోడల్లుడి కొడుకు సంగతి మాత్రం రాశారు. నలుగురూ అడిగితే ఏం చెప్పాలన్న బెంగ మీది. దాన్ని ఆ పిల్ల మీద రుద్దకండి. లెక్కలు, కోడింగ్ మీద ఆసక్తి లేకుండా చేరితే డబ్బూ పోతుంది, ఏడాదీ పోతుంది.

పీహెచ్‌డీ ఖర్చుకు భయపడకండి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఇస్తారు. ఆ నిర్ణయం ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేశాక ఆమెనే తీసుకోనివ్వండి.