రోమన్ సైనికులు మొదటి నుంచీ అంత పద్ధతిగా యుద్ధం చేసేవారా?

లేదు. సినిమాల్లో చూపించే ఆ ఇనుప పట్టీల కవచం క్రీ.పూ. 1వ శతాబ్దం చివర్లో గానీ రాలేదు. అంతకు రెండు వందల ఏళ్ళ ముందు కార్తేజ్ సేనాని హానిబల్‌తో పోరాడినవాళ్ళకి కూడా అదే తొడిగి చూపిస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మొదట్లో రోమ్‌లో ఒక్కో పెద్ద వంశం తన మనుషుల్ని, ఆశ్రితుల్ని వెంటేసుకుని పొరుగువాళ్ళ మీద పడేది. క్రీ.పూ. 477లో ఫేబియస్ వంశంవాళ్ళు 306 మంది ఎట్రుస్కన్ నగరం వీయైతో సొంతంగా యుద్ధానికి దిగి, క్రెమెరా నది దగ్గర చచ్చిపోయారని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. తర్వాత గ్రీకుల ఫాలాంక్స్ వచ్చింది. గుండ్రటి డాలు, పొడవాటి ఈటె, ఒకరినొకరు ఆనుకుని నిలబడే వరస. ఎవరి ఆయుధాలు వాళ్ళే కొనుక్కోవాలి. అందుకే డబ్బున్నవాడికి కవచం, పేదవాడికి వడిసెల.

ఆ ఫాలాంక్స్‌ని ఎందుకు వదిలేశారో నాకు ఇటలీలో మాస్టర్స్ చేసేటప్పుడు తెలిసింది. పాతకాలం యుద్ధాల్ని సాధన చేసే ఒక బృందం అపెనైన్ కొండల దగ్గర మాలాంటివాళ్ళకి డాళ్ళు ఇచ్చి నిలబెట్టింది. నా కుడి పక్కవాడి డాలు నన్ను కాయాలి, నా డాలు ఎడమ పక్కవాడిని కాయాలి. చదునైన చోట బాగానే నడిచాం. వాలులోకి దిగాక రాళ్ళు, ముళ్ళ పొదలు. ఒకడు పొదని తప్పించుకుని పక్కకి జరిగాడు, వాడి వెనకవాడు ఆగాడు, నేను కాళ్ళ కిందకి చూశాను. తల ఎత్తేసరికి పొడవాటి డాలు పట్టుకున్న ఒక కుర్రాడు మా మధ్యలోకి వచ్చేసి, చెక్క కత్తితో నా పక్కటెముకల్లో పొడిచాడు. అవతలివాళ్ళు చిన్న చిన్న గుంపులుగా, మధ్యలో కావాలనే ఖాళీలు వదిలి వచ్చారు. పొద ఉంటే ఆ ఖాళీలోకి పోయేది.

ఇటలీ కొండజాతి సామ్నైట్లతో రోమన్ల యుద్ధాలు జరిగింది ఇలాంటి కొండల్లోనే. క్రీ.పూ. 321లో కాడైన్ కనుమలో రోమన్ సైన్యం చిక్కుకుని లొంగిపోయింది. సైన్యాన్ని మానిపుల్ అనే చిన్న గుంపులుగా విడగొట్టి నిలబెట్టే పద్ధతి ఆ దెబ్బల వల్లే వచ్చిందని నా గట్టి నమ్మకం. సైనికులకి జీతం మొదలయ్యాక డాళ్ళు మారాయని లివీ అంటాడు. వీయై ముట్టడి రోజుల్లో మొదలైంది ఆ జీతం. నేను ఒప్పుకోను. జీతంతో కొత్త డాలు కొనుక్కోవచ్చు, కానీ వరసని ముక్కలు చేసి నిలబడమని జీతం చెప్పదు కదా.

గ్రీకు చరిత్రకారుడు పాలీబియస్ లెక్కలో ముందు వరస హస్తాతీ, దాని వెనక వరస ప్రింకిపెస్, ఇద్దరికీ మానిపుల్‌కి 120 మంది. చివరి వరస త్రియారీ, మానిపుల్‌కి 60 మంది. చదరంగం గళ్ళలా ఖాళీలు వదిలి నిలబడతారు. ముందువాళ్ళు పీలమ్ అనే విసిరే ఈటెని విసిరి కత్తి దూస్తారు, అలిసిపోతే ఆ ఖాళీల్లోంచి వెనక్కి వస్తారు. పోటీ పరీక్షల పుస్తకాలు ఇదంతా వదిలేసి 'క్రమశిక్షణ' అని ఒక్క మాట రాసి ఊరుకుంటాయి. కాడైన్‌లో లొంగినవాళ్ళకి క్రమశిక్షణ లేదనా? క్రీ.పూ. 168లో పిడ్నా దగ్గర మాసిడోనియా ఫాలాంక్స్‌కీ క్రమశిక్షణ బాగానే ఉంది. ఎగుడుదిగుడు నేల మీదకి రాగానే దాని వరస మా వరసలాగే చీలింది, రోమన్లు ఆ సందుల్లోంచి లోపలికి దూరారు.