రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 500ని 535 సీసీకి పెంచాలంటే ఎఫ్‌ఐ తీసేయాలా?

ఎఫ్‌ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) పీకేసి కార్బురేటర్ పెట్టుకోమని మీ మెకానిక్ అన్నారని రాశారు. అక్కర్లేదండి. బ్లాక్ (పిస్టన్ కదిలే సిలిండర్) పెద్దదైనా ఆ ఇంజెక్షన్‌తోనే బండి చక్కగా నడుస్తుంది. చిక్కల్లా ఒకటే. ఈసీయూ (ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటర్) గాలిని నేరుగా కొలవదు, థ్రాటిల్, ప్రెజర్, టెంపరేచర్ సెన్సర్లు చూసి లెక్క కడుతుంది. ఆ లెక్క 499 సీసీకి రాసింది.

మీ బండికి 84 మి.మీ. బోర్ (సిలిండర్ వెడల్పు), 90 స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం). కాంటినెంటల్ జీటీ 535కి స్ట్రోక్ అదే, బోర్ 87. అందుకే అందరూ జీటీ బ్లాక్-పిస్టన్ వైపు చూస్తారు. ఆశ మాత్రం అదుపులో పెట్టుకోండి: ఫ్యాక్టరీ లెక్కన 27.2 హెచ్‌పీ 29.1 అయింది, అంతే. తేడా తెలిసేది తక్కువ ఆర్‌పీఎం పికప్‌లో. సెట్ కొనేముందు పిస్టన్ పిన్ సైజు, క్రాంక్‌కేస్‌లోకి దిగే చోట బ్లాక్ బయటి కొలత, పిన్ మధ్య నుంచి పిస్టన్ తల దాకా ఎత్తు, ఈ మూడూ వెర్నియర్‌తో చూసుకోండి. పాత బ్లాక్‌నే 87కి బోర్ కొట్టిస్తామంటే వద్దనండి, లైనర్ గోడ చుట్టూ ఒకటిన్నర మి.మీ. పోతుంది.

మీ బండి కంప్రెషన్ (పిస్టన్ లోపలి గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో) 8.5. పిస్టన్ పైకొచ్చాక మిగిలే ఖాళీ పాతదే (సుమారు 66.5 సీసీ) ఉండి బోర్ ఒక్కటే పెరిగితే అది 9 దాటుతుంది. పిస్టన్ తల ఆకారాన్ని బట్టి మారుతుంది కాబట్టి పిస్టన్ పైకి తెచ్చి, ప్లగ్ రంధ్రంలోంచి సిరంజితో పల్చటి ఆయిల్ పోసి కొలవాలి. మే నెలలో అమీర్‌పేట సిగ్నళ్ల దగ్గర ఉడికే ఎయిర్‌కూల్డ్ ఇంజిన్‌కి 9 చాలు. దాన్ని ఇంకా పెంచడానికి హెడ్ (సిలిండర్ పై మూత) కోయించే ఆలోచనే వద్దు. రింగ్‌ను పిస్టన్‌తో బోర్‌లోకి తిన్నగా నెట్టి ఫీలర్ గేజ్ పెడితే రింగ్ కొసల మధ్య సుమారు 0.35 మి.మీ. గ్యాప్ రావాలి. పిస్టన్ తయారీదారు వేరే కొలత ఇస్తే అదే ప్రమాణం. తక్కువైతే వేడికి కొసలు ఒకదానికొకటి తగిలి బోర్ గీసుకుపోతుంది.

ఇక అసలు పని పెట్రోల్. సీసీ పెరిగినందుకే 7 శాతం ఎక్కువ కావాలి. పైగా బంకుల్లో ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్). అచ్చమైన పెట్రోల్ ఒక పాలుకి గాలి 14.7 పాళ్లు అయితే దీనికి 13.5 దగ్గర. నిలకడ స్పీడులో సైలెన్సర్ పైపులోని ఆక్సిజన్ సెన్సర్ ఈ లోటును సర్దేస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో ఈసీయూ దాన్ని పట్టించుకోదు, లీన్ అయ్యేది (పెట్రోల్ తగ్గి గాలి ఎక్కువయ్యేది) అక్కడే, పిస్టన్ కరిగేదీ అక్కడే. పిగ్గీబ్యాక్ మాడ్యూల్ (ఈసీయూ ఇచ్చే పెట్రోల్‌ను సవరించే పెట్టె) పెట్టి, వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్‌ను లాంబ్డాలో (1 అంటే సరిపాళ్లు, తక్కువైతే పెట్రోల్ ఎక్కువ) చూస్తూ ఫుల్ థ్రాటిల్‌లో 0.86-0.88కి తెచ్చుకోండి. నిలకడ స్పీడులో మాడ్యూల్‌తో పెట్రోల్ పెంచినా పాత సెన్సర్ చూసి ఈసీయూ మళ్లీ కోసేస్తుంది, కాబట్టి ఆ భాగాన్ని ముట్టుకోనక్కర్లేదు. 5500 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ ఒక సైకిల్ (రెండు చుట్లు) 21.8 మిల్లీసెకన్లు. ఇంజెక్టర్ అందులో 18.5 మించి తెరిచి ఉంటే దాని సత్తా అయిపోయినట్టే.

కొందరు ఇంజిన్ టెంపరేచర్ సెన్సర్ వైరుకి రెసిస్టర్ అతికిస్తారు. చవకే. కానీ ఇంజిన్ చల్లగా ఉందనుకుని ఈసీయూ ఐడ్లింగ్‌లో కూడా ఎక్కువ పోస్తుంది, ప్లగ్ మసిబారుతుంది.

మ్యాప్ (పెట్రోల్ లెక్కల పట్టిక) ముట్టుకునే ముందు లీకులు చూడండి. థ్రాటిల్ బాడీకీ హెడ్‌కీ మధ్య రబ్బరు పగిలితే గాలి పీలుస్తుంది. హెడ్ దగ్గర సైలెన్సర్ ప్యాకింగ్ లీకైతే బయటి గాలి తగిలి సెన్సర్ లీన్ అంటుంది, ఈసీయూ అనవసరంగా పెట్రోల్ పెంచుతుంది. ఈ లీకు ఉండగా చేసిన ట్యూనింగ్ అంతా వృథా.

ఈ ఇంజిన్లకు స్ప్రాగ్ క్లచ్ (సెల్ఫ్ మోటారును ఇంజిన్‌కి కలిపే, ఒకవైపే పట్టే క్లచ్) పాత జబ్బు. కంప్రెషన్ పెరిగితే అది ఇంకా త్వరగా పోతుంది. బ్యాటరీ వీక్‌గా ఉన్నప్పుడు సెల్ఫ్ కొట్టకండి, కిక్ వాడండి. క్యామ్ మార్చేటట్టయితే ఆటో డీకంప్రెసర్ (స్టార్ట్ చేసేటప్పుడు కంప్రెషన్ తగ్గించేది) ఉన్నదే తీసుకోండి.

ఆర్‌సీలో సీసీ రాసి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఆ వివరాలు మారే మార్పులను ఒప్పుకోదు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కీ అది అడ్డం వస్తుంది. బ్లాక్ కొనకముందే ఆర్‌టీఏ ఆఫీసులో అడగండి.