వారానికోసారి సైకిల్ తొక్కితే వచ్చే ఆనందం ఏమిటి? నాకు నొప్పులే మిగిలాయి

అడిగింది ఇది: పోటీలకు వెళ్ళని మామూలు మనిషి ఆదివారం పూట యాభై కిలోమీటర్లు తొక్కితే దక్కే ఆనందం ఏమిటి? నాలుగు వారాలు తొక్కితే మోకాళ్ళ నొప్పి, చేతుల తిమ్మిరి తప్ప ఏమీ మిగల్లేదు. గేర్లు లేని సైకిల్ కావడం వల్లేనా?

ఆనందం ఉంది, చాలా ఉంది. అది మీకు అందకపోవడానికి కారణం ఓపిక లేకపోవడమూ కాదు, గేర్లు లేకపోవడమూ కాదు. మీ సీటు ఎత్తు తప్పు. సైకిల్ చూడకుండానే ఈ మాట చెప్పగలను. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాలని సీటు దించేసుకుంటారు. దాంతో పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మోకాలు అతిగా ముడుచుకుని, భారమంతా చిప్ప ముందు భాగం మీద పడుతుంది. గంటకు నాలుగైదు వేల తిప్పులు తిప్పే కాలికి ఆ చిన్న తేడా చాలు.

చెప్పులు తీసేసి గోడకు వీపు ఆనించి నిలబడండి. కాళ్ళ సందున ఒక గట్టి అట్ట పుస్తకాన్ని పైకి బాగా నొక్కి పట్టుకుని, నేల నుంచి దాని పై అంచు దాకా కొలవండి. ఆ కొలతను 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లు వస్తే దాదాపు 70.6. క్రాంకు, అంటే పెడల్ బిగించిన కడ్డీ, తిరిగే ఇరుసు నడిబొడ్డు నుంచి సీటు పైభాగం దాకా అంత దూరం ఉండాలి. సరిచూసుకోవడానికి ఇంకో పద్ధతి: పెడల్ అడుగున ఉండగా దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు తొక్కేటప్పుడు, అంటే మునిపాదం పెడల్ మీద ఉన్నప్పుడు, మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. నడుము అటూ ఇటూ ఊగుతుంటే ఎత్తు ఎక్కువైనట్టు. మోకాలి వెనక లాగుతున్నా అంతే. ఒకేసారి రెండు అంగుళాలు ఎత్తేయకుండా వారానికి 5 మిల్లీమీటర్ల చొప్పున పెంచుతూ రండి, ఒళ్ళు అలవాటు పడుతుంది.

చేతుల తిమ్మిరికీ మూలం సీటే. దాని ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్ళు ముందుకు జారుతూ ఉంటుంది, ఆ జారుడును అరచేతులు ఆపుతాయి. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారేది అందుకే. సీటు నేలకు సమాంతరంగా ఉందో లేదో దాని మీద ఒక స్కేలు పెట్టి చూడండి. పరుపులా మెత్తగా ఉండే జెల్ సీటు కొనమని సలహా ఇచ్చేవాళ్ళను మాత్రం నమ్మకండి. అరగంట హాయిగానే ఉంటుంది. గంట దాటాక కూర్చునే ఎముకలు ఆ మెత్తదనంలో దిగబడి, పక్కనున్న సున్నితమైన కండ నలుగుతుంది. ఒక మోస్తరు గట్టి సీటు, మెత్త కుట్టిన సైక్లింగ్ నిక్కరు, దాని లోపల ఇంకేమీ వేసుకోకపోవడం: యాభై కిలోమీటర్లకు ఇదే మందు.

ఇవి సర్దుకున్నాక అసలు సంగతి తెలుస్తుంది. నిమిషానికి 80 తిప్పులు తేలిగ్గా సాగుతున్నప్పుడు కాళ్ళు ఉన్నాయన్న ధ్యాసే ఉండదు. గంటకు ఇరవై కిలోమీటర్లు ఎంత చక్కని వేగమో అప్పుడు అర్థమవుతుంది. నడిస్తే పొద్దంతా పట్టే ఊరికి గంటన్నరలో చేరతారు, అయినా దారిలో ఏ చెట్టు మీద ఏ పిట్ట కూసిందో వినబడుతుంది. తెల్లవారుజామున పల్లంలోకి దిగగానే తగిలే చల్లదనం కారులో వెళ్ళేవాళ్ళకు తెలియదు, మోటారు సైకిల్ మీద వెళ్ళేవాళ్ళకు ఆ చప్పుడులో పట్టదు.

దీన్ని పాడుచేసుకునే మార్గం ఒకటుంది: సగటు వేగం లెక్క చూసుకోవడం. ఫోన్‌లో అంకె తగ్గిందని ఆదివారమంతా దిగులుపడేవాళ్ళను చూస్తే బాధేస్తుంది. గాలిని తోయడానికి కావలసిన శక్తి వేగం ఘనానికి తగ్గట్టు పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. గంటకు 24 కిలోమీటర్ల నుంచి 28కి వెళ్ళాలంటే గాలి మీద పెట్టే శక్తి దాదాపు అరవై శాతం పెరగాలి. యాభై కిలోమీటర్ల మీద మిగిలేది పద్దెనిమిది నిమిషాలు. ఆ పద్దెనిమిది నిమిషాలతో ఏం చేసుకుంటారు?

జనం ఎక్కువగా భయపడేది ఇంటికి దూరంగా పంచరైతే ఎలా అని. నాకు మాత్రం సైకిల్ మీద ప్రేమ గట్టిపడేది అక్కడే అనిపిస్తుంది. ఊళ్ళకు దూరంగా, నలభయ్యో కిలోమీటరు దగ్గర వెనక చక్రం మెత్తగా ఊగడం మొదలైందనుకోండి. వెంటనే దిగాలి, రిమ్ము మీద నడిపితే టైరు కోసుకుపోతుంది. గేర్లున్న సైకిలైతే చైన్‌ను వెనక అన్నిటికన్నా చిన్న పళ్ళచక్రం మీదికి తెచ్చాక చక్రం విప్పండి. టైరు అంచును చుట్టూ బొటనవేళ్ళతో రిమ్ము నడుమ ఉన్న లోతులోకి నెట్టండి. అప్పుడు అంచు వదులై, రెండు ప్లాస్టిక్ లీవర్లతో సులువుగా పైకొస్తుంది. ఈ పని చేయకుండా బలం పెట్టేవాళ్ళే లీవర్లు విరగ్గొట్టుకుంటారు.

ట్యూబ్ బయటికి తీసి గాలి కొట్టి, రంధ్రం ఎక్కడుందో పెదవి దగ్గర పెట్టుకుని చూడండి, సన్నని గాలి కూడా అక్కడ తెలుస్తుంది. వాల్వు నుంచి ఆ రంధ్రం ఎంత దూరమో టైరు మీద కూడా అంతే దూరంలో వెతికితే ముల్లు దొరుకుతుంది. ముల్లు తీయకుండా కొత్త ట్యూబ్ ఎక్కిస్తే కిలోమీటరు దాటకముందే మళ్ళీ పంచర్. పాము కాటులా పక్కపక్కన రెండు రంధ్రాలుంటే ముల్లు కోసం వెతకక్కర్లేదు, గాలి తక్కువై ట్యూబ్ రిమ్ముకూ గుంత అంచుకూ మధ్య నలిగింది. రంధ్రం రిమ్ము వైపు ఉంటే స్పోకు తలలను కప్పే లోపలి పట్టీ జరిగి స్పోకు తల గుచ్చుకుందని అర్థం.

ప్యాచ్ ఊడిపోయిందని వాపోయేవాళ్ళు చేసే తప్పు ఒకటే, తొందర. ఉప్పు కాగితంతో ప్యాచ్ కన్నా కాస్త వెడల్పుగా మెరుపు పోయేదాకా రుద్దాలి. సొల్యూషన్ పలచగా రాసి, తడి మెరుపు పోయేదాకా నాలుగైదు నిమిషాలు వదిలేయాలి. ఆరాక ప్యాచ్ పెట్టి, నడిమి నుంచి అంచులకు గట్టిగా నొక్కాలి. సొల్యూషన్ తడిగా ఉండగానే అంటిస్తే గాలి కొట్టగానే లేస్తుంది.

ట్యూబ్‌లో దాని ఆకారం వచ్చేంత గాలి పెట్టి లోపల అమర్చండి. టైరు అంచును వాల్వుకు ఎదురు వైపు మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించండి, చివర వాల్వును ఒకసారి లోపలికి నెట్టి వదలండి. ట్యూబ్ ఎక్కడా అంచు కింద ఇరుక్కోలేదని చూసుకున్నాకే గాలి కొట్టండి. డెబ్బై కిలోల మనిషికి, 32 మి.మీ. వెడల్పు టైరులో 55 నుంచి 65 పీఎస్ఐ (పంపు మీద కనిపించే గాలి ఒత్తిడి కొలత) చాలు, వెనక చక్రంలో కాస్త ఎక్కువ. టైరు మీద రాసిన గరిష్ఠ అంకెకు కొట్టేస్తే ప్రతి గులకరాయి వెన్నులో తెలుస్తుంది. చిన్న చేతి పంపుతో రెండు వందలకు పైగా పోట్లు పడతాయి, చేతులు మార్చుకుంటూ కొట్టండి. చక్రం బిగించి మళ్ళీ ఎక్కిన మొదటి కిలోమీటరు ఎంత తియ్యగా ఉంటుందో! నాలుగు వస్తువులతో, మీ చేతులతో, మీ ప్రయాణాన్ని మీరే నిలబెట్టుకున్నారు.

నీళ్ళ సంగతి: గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు, దాహం వేయకముందే. గంటన్నర దాటే సవారీకి గంటకో పెద్ద అరటిపండైనా తినాలి, ఆకలయ్యాక తింటే ఆలస్యమే.

ఇక గేర్లు. మీ సైకిల్‌కు పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక దానికి 18 ఉంటే నిమిషానికి 80 తిప్పులతో దాదాపు 24, 25 కిలోమీటర్ల వేగం వస్తుంది. చదును దారికి భేషుగ్గా ఉంటుంది, ఎత్తులో మోకాళ్ళ మీద పడుతుంది. వెనక 20 పళ్ళది వేయించుకోండి, అదే తిప్పులకు 22 కిలోమీటర్లు వస్తుంది, ఎక్కుడు తేలికవుతుంది. ఇరుసు కూర్చునే గాడిలో చోటుంటే చక్రాన్ని 6 మి.మీ. ముందుకు జరిపితే పాత చైనే సరిపోతుంది. జరిపాక బ్రేకు కట్టలు రిమ్ముకు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూసుకోండి, టైరుకు రాసుకుంటే కోసేస్తాయి.