సమాధానం: ఆస్ట్రేలియాలోని కాపర్టీ లోయలో తీసిన ఫొటోలోది ఏ పిట్ట?

అండీ, మీరు న్యూ హాలండ్ హనీఈటర్ అనుకున్నది నిజానికి పెయింటెడ్ హనీఈటర్. రెక్క మీద పసుపు రెండింటికీ ఉంటుంది, అక్కడే చాలామంది పొరబడతారు. ముక్కు చూడండి. న్యూ హాలండ్‌కి ముక్కు నల్లగా, కన్ను తెల్లగా, రొమ్మంతా దట్టంగా చారలు. మీ ఫొటోలో ముక్కు గులాబీ రంగు, కడుపు తెలుపు, చారలు పక్కల్లో మాత్రమే, అవీ పల్చగా. ఇక డౌటెందుకు? వీపు నల్లగా కాక గోధుమ ఛాయలో ఉంది కాబట్టి ఆడపిట్ట కావచ్చు.

వర్గీకరణ అడిగారు కదా: మెలిఫాజిడే కుటుంబం, గ్రాంటియెల్లా ప్రజాతి, పేరు గ్రాంటియెల్లా పిక్టా. ఆ ప్రజాతిలో ఇదొక్కటే జాతి. 1838లో జాన్ గూల్డ్ వర్ణించాడు. మన ఊళ్లలో మందారాల చుట్టూ తిరిగే తేనెపిట్టలది వేరే కుటుంబం, వీటికి దగ్గరి చుట్టరికం లేదు.

అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలోనూ, ఆస్ట్రేలియా కేంద్ర చట్టం కిందా ఇది ‘వల్నరబుల్’, అంటే అంతరించిపోయే ముప్పున్నట్టే. దీనికి ప్రధాన ఆహారం చెట్ల మీద పెరిగే బదనిక పండ్లు. పొలాల కోసం అడవి కొట్టేస్తే బదనికా పోతుంది, పిట్టా పోతుంది. ఈసారి వెళ్తే బదనిక గుబురున్న చెట్టు దగ్గరే ఆగండి. గూడు కనిపిస్తే మాత్రం దూరం నుంచే ఫొటో తీయండి, లొకేషన్ ఇక్కడ పెట్టకండి.