బొమ్మ రైలు ఆగి ఆగి నడుస్తుంటే ఏమి చేయాలి?

హెచ్‌ఓ (బొమ్మ రైళ్లలో ఒక సైజు పేరు) రైలింజను కుదుపులతో నడుస్తోందంటే మోటారును అనుమానించే ముందు పట్టాలను చూడండి. 16.5 మిల్లీమీటర్ల ఎడంతో ఉండే ఆ రెండు పట్టాల నుంచే చక్రాల ద్వారా కరెంటు అందుతుంది. మురికి పేరుకుంటే సరఫరా తెగుతుంది. స్విచ్ ఆపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలుగుడ్డతో పట్టాల పైభాగం తుడవండి. గరుకు కాగితం వద్దేవద్దు, ఆ గీతల్లోనే మురికి మళ్లీ చేరుతుంది. ఇంజనును తిరగేసి, దూదిపుల్లతో ఒక్కో చక్రం అంచు రుద్దండి. నల్లటి జిడ్డు ఎంత వస్తుందో మీకే ఆశ్చర్యం వేస్తుంది.

అప్పటికీ కంట్రోలరుకు దూరంగా ఉన్న వైపే వేగం తగ్గుతోందా? పట్టాల అతుకుల దగ్గర వోల్టేజీ పడిపోతోందన్నమాట. కంట్రోలరు నుంచి ఆ దూరపు వైపు పట్టాలకు మరో జత వైర్లు కలపండి. గేర్లకు ప్లాస్టిక్‌ను పాడుచేయని నూనె ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే పట్టాల మీదికి కారి మొదటికే మోసం.