సదరం శాతం తగ్గి పింఛను ఆగిపోతోంది... అప్పీలుకు వెళ్లాలా, ఉన్న డబ్బుతో సర్దుకోవాలా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. నా వయసు 47. తొమ్మిదేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉంది. మొదట సదరం సర్టిఫికెట్‌లో (వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చేది) 58 శాతం వేశారు, దివ్యాంగుల పింఛను వస్తోంది. మళ్లీ పరీక్షకు పిలిచి ఈసారి 34 శాతమే వేశారు. ఆ రోజు చేతులు మాత్రమే చూశారు. పింఛనుకు అర్హత లేదని గ్రామ సచివాలయం వాళ్లు నోటీసు ఇచ్చారు. మా ఆయన ఆటో నడుపుతారు, నెలకు 15 వేల దాకా వస్తుంది. నా మందులకు 3,500, డ్వాక్రా కిస్తీకి 2,400 ఆ పింఛనులోంచే కడుతున్నాం. అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. తన కోసం బ్యాంకులో 90 వేలు ఎఫ్‌డీ వేశాం. మూడు సవర్ల గొలుసు ఉంది. 15 వేలు ఇస్తే శాతం పెంచి ఇప్పిస్తానని ఒకాయన తిరుగుతున్నాడు. అప్పీలు వల్ల ఏమీ రాదు, అమ్మాయిని చదువు మానిపించి పనిలో పెట్టమని బంధువులు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అప్పీలు చేయండమ్మా. నోటీసులో గడువు ఏ తేదీ వరకు ఇచ్చారో చూసుకుని, దానికి చాలా ముందే అర్జీ ఇచ్చేయండి. మీకు ఆగిపోయేది నెలకు 6,000, అంటే ఏడాదికి 72,000. మీ ఇంటికి వచ్చే డబ్బులో ఇది పావు వంతుకన్నా ఎక్కువ. అప్పీలుకయ్యే ఖర్చు ఎక్స్‌రేలు, బస్సు ఛార్జీలు, మీతో వచ్చిన రోజు మీవారి ఆటో ఆదాయం. అన్నీ కలిపినా రెండు మూడు వేలు దాటకపోవచ్చు. ఇంత తేడా ఉన్నప్పుడు ప్రయత్నించకుండా వదిలేయడం సరికాదు.

అయితే ఎలా అప్పీలు చేస్తారన్నది చాలా ముఖ్యం. మీలాంటి దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్ల అర్జీలు ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటాయి. లావుపాటి ఫైలు పట్టుకుని వెళతారు. దాని నిండా రక్తపరీక్షల రిపోర్టులే ఉంటాయి. ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్‌ఆర్ మీకు జబ్బు ఉందని చెబుతాయి. సదరం డాక్టరు వేసే శాతం జబ్బుకు కాదు. ఆ జబ్బు వల్ల మీ శరీరం ఏ పని చేయలేకపోతోందో దానికి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాలో 21 వైకల్యాలున్నాయి. అందులో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్, హీమోఫీలియా, తలసీమియా, సికిల్‌సెల్ పేర్లతో సహా ఉన్నాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ పేరు లేదు. అందుకని మీ కేసును కదలికలకు సంబంధించిన వైకల్యం కిందే లెక్కిస్తారు. కీలు ఎంతవరకు వంగుతోంది, కండరంలో బలం ఎంత ఉంది, రోజువారీ పనులు ఏవి చేయగలరు అన్నవే చూస్తారు.

ఆ రోజువారీ పనులేమిటో తెలిస్తే మీకే ఆశ్చర్యంగా ఉంటుంది. చేతుల విషయంలో మన పద్ధతిలో చేత్తో అన్నం తినడం, తల దువ్వి జడ వేసుకోవడం, చొక్కా తొడుక్కోవడం, గుండీలు పెట్టుకోవడం, గ్లాసు పట్టుకుని నీళ్లు తాగడం, రాయడం, తలపైకి వస్తువు ఎత్తడం, కాలకృత్యాల తర్వాత శుభ్రం చేసుకోవడం వంటివి కేంద్రం మార్గదర్శకాల్లోనే ఉన్నాయి. కాళ్లకైతే చదునైన నేల మీద నడక, వాలు మీద నడక, మెట్లెక్కడం, గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకుని కూర్చోవడం, మోకాళ్ల మీద నిలబడటం చూస్తారు. వీటిలో మీరు చేయలేని ప్రతి పనికీ లెక్కలో కొంత శాతం ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘చేతులు మాత్రమే చూశారు’ అన్నది. రుమటాయిడ్ తొమ్మిదేళ్లుగా ఉంటే మోకాళ్లు, చీలమండలు, పాదాలు కూడా ఎంతో కొంత దెబ్బతిని ఉండొచ్చు. వాటిని చూడకపోతే లెక్క సగమే అయినట్టు. రెండు భాగాల శాతాలను కలపడానికి ఒక సూత్రం ఉంది. ఎక్కువ ఉన్న శాతాన్ని 90లోంచి తీసేస్తారు. మిగిలిన దాన్ని తక్కువ శాతంతో గుణించి, 90తో భాగిస్తారు. వచ్చిన దాన్ని ఎక్కువ శాతానికి కలుపుతారు. మీ 34 శాతం చేతులకే వచ్చిందనుకుందాం. కాళ్లకు 10 శాతం వచ్చినా 56ను 10తో గుణించి 90తో భాగిస్తే ఆరు చిల్లర. మొత్తం 40 దాటుతుంది. పింఛనుకు కావలసిందీ 40 శాతమే. 40 ఉన్నా 58 ఉన్నా వచ్చేది అదే ఆరు వేలు. కాబట్టి పాత 58 శాతమే కావాలని పట్టుబట్టకండి. ‘నా మోకాళ్లు, పాదాలు పరీక్షించలేదు, పూర్తిగా పరీక్షించండి’ అని అడగండి. అప్పీలుకు మీ దగ్గరున్న గట్టి కారణం ఇదే.

అర్జీ గ్రామాల్లోనైతే మండలాభివృద్ధి అధికారికి (ఎంపీడీవో), పట్టణాల్లోనైతే మున్సిపల్ కమిషనర్‌కు ఇవ్వాలి. సచివాలయంలో మీకు దారి చూపిస్తారు. నోటీసు, పాత సర్టిఫికెట్, కొత్త సర్టిఫికెట్, ఆధార్ జిరాక్సులు జతచేసి, మీ కాపీ మీద తేదీతో ముద్ర, సంతకం వేయించుకోండి. ఆ ఒక్క కాగితం లేక ఇబ్బంది పడ్డవాళ్లు చాలామంది. 2025లో ఇలాంటి నోటీసులు పెద్ద ఎత్తున వెళ్లినప్పుడు, అప్పీలు చేసుకున్నవాళ్లకు పింఛను కొనసాగిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. మీకూ అది వర్తిస్తుందేమో అర్జీ ఇచ్చేటప్పుడే అడిగి తెలుసుకోండి.

అర్జీలో ‘నాకు విపరీతమైన నొప్పులు’ అని రాస్తే ఉపయోగం తక్కువ. ఇలా రాయండి: ‘పొద్దున లేచాక రెండు గంటల దాకా పిడికిలి బిగించలేను. జడ మా అమ్మాయే వేస్తుంది. అన్నం కలుపుకోలేక చెంచాతో తింటున్నాను. బిందె ఎత్తలేను. కింద కూర్చుంటే ఒకరు పట్టుకుంటే తప్ప లేవలేను.’ ఇవి నేను ఉదాహరణకు రాసినవి. మీకు ఏది నిజమో అదే రాయండి. రేపటి నుంచి ఒక నోటుబుక్కులో రోజుకు రెండు లైన్ల చొప్పున ఏ పని చేయలేకపోయారో తేదీ వేసి రాసుకోండి. ఈ జబ్బు ఒక రోజు ఉన్నట్టు ఇంకో రోజు ఉండదు. ఒక్క పూట చూసే డాక్టరుకు ఆ నోటుబుక్కు నెల మొత్తం చూపిస్తుంది.

మీకు వైద్యం చేసే డాక్టరు దగ్గర ఒక లెటర్ కూడా తీసుకోండి. జబ్బు ఎప్పుడు బయటపడింది, ఇప్పటిదాకా ఏ మందులు వాడారు, ఏ కీళ్లలో వంకరలు వచ్చాయి, అవి తిరిగి సరయ్యే అవకాశం ఉందా లేదా అన్నవి అందులో ఉండాలి. చేతులు, మోకాళ్లు, పాదాల తాజా ఎక్స్‌రేలు దానికి జతచేయండి. అలాగే కొత్త సర్టిఫికెట్‌లో వైకల్యం ‘తాత్కాలికం’ అని ఉందా, ‘శాశ్వతం’ అని ఉందా చూడండి. తాత్కాలికం అని ఉంటే డాక్టరు లెటర్‌లో ఆఖరి విషయం మరీ ముఖ్యం.

పరీక్ష రోజు గురించి ఒక మాట. మన ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఉన్నంతలో మంచి చీర కట్టుకుని వెళతారు. డాక్టరు ‘ఎలా ఉందమ్మా?’ అనగానే ‘పర్లేదండి, బాగానే ఉంది’ అనేస్తారు. అక్కడ ఆ మర్యాద వద్దు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మధ్యాహ్నానికి బిగుతు కాస్త సడలుతుంది కాబట్టి, ‘పొద్దున పూట ఇలా ఉండదు డాక్టరుగారూ, దయచేసి అది కూడా రాయండి’ అని అడగండి. లేనిది కల్పించి నటించకండి. చూసిచూసి ఉన్న డాక్టర్లు ఇట్టే పసిగడతారు, అప్పుడు మీరు చెప్పిన నిజాన్ని కూడా నమ్మరు.

వాపు బాగా కనిపించాలని పరీక్షకు పది రోజుల ముందు మందులు ఆపేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆపినప్పుడు దెబ్బతిన్న కీలు మళ్లీ మందులు మొదలుపెట్టినా మామూలు కాదు. ఆరు వేల కోసం వేళ్లు పోగొట్టుకోవద్దమ్మా.

ఇక ఆ 15 వేల మనిషి. ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. దొంగదారిన దివ్యాంగుల ప్రయోజనం పొందితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 91వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. రేపు మళ్లీ తనిఖీ వస్తే కేసు మీ మీద పెడతారు, ఆయన ఫోను స్విచ్ఛాఫ్ వస్తుంది. మీ కేసులో న్యాయంగానే 40 దాటే అవకాశం కనిపిస్తున్నప్పుడు దాన్ని మీ చేతులతో పాడుచేసుకోవద్దు.

డబ్బు విషయానికొస్తే, ఫలితం తేలేదాకా పింఛను రాదనే లెక్కలోనే ఇల్లు నడపండి. వస్తే ఆ డబ్బు పక్కన పెట్టండి. ముందుగా తగ్గించాల్సింది మందుల బిల్లు, అంటే మందులు తగ్గించడం కాదు. మీ డాక్టరును బ్రాండ్ పేర్లు కాకుండా మందు అసలు పేర్లు రాసివ్వమని అడగండి. మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్ లాంటివి జన్ ఔషధి కేంద్రాల్లో చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. మెథోట్రెక్సేట్ ఈ జబ్బుకు సాధారణంగా వారానికి ఒక్కసారే వేసుకునే మందు. షాపు మారినప్పుడు, మాత్ర రంగు మారినప్పుడు మోతాదు విషయంలో పొరపాటు జరగకుండా చూసుకోండి. గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి (జీజీహెచ్) ఓపీలో రాసే మందులు ఉచితంగా ఇస్తారు కాబట్టి ఆ దారి కూడా ఆలోచించండి.

డ్వాక్రా కిస్తీ మాత్రం ఒక్క నెల కూడా తప్పొద్దు. సకాలంలో కడితేనే వడ్డీ రాయితీ. పైగా మీరొక్కరు ఆగితే గ్రూపు మొత్తానికి మాటొస్తుంది. కష్టంగా ఉంటే ముందే గ్రూపు లీడరుతో చెప్పుకోండి.

ఇంకా లోటు పడితే ఎఫ్‌డీని పగలగొట్టకండి. దాని మీదే బ్యాంకులో లోను తీసుకోండి. ఎఫ్‌డీకి వచ్చే వడ్డీ మీద సాధారణంగా ఒకటి రెండు శాతం ఎక్కువ తీసుకుంటారు, అంతే. దానికీ ఒక హద్దు పెట్టుకోండి: ఆరు నెలల పింఛను, అంటే 36 వేలు. అంతకు మించి కావాల్సి వస్తే గొలుసు మీద బ్యాంకు గోల్డ్ లోను. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే ఏడాదికి నూటికి 36. పది వేల అప్పుకు నెలకు 300 వడ్డీకే పోతుంది, అసలు కదలదు. ఆటో ఖర్చులకైనా, ఆస్పత్రికైనా ఆ గుమ్మం ఎక్కకండి.

ఇంకో చిన్న పని. మీకు ఇంకా 50 నిండలేదు కాబట్టి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో మీరు, వయసు సరిపోతే మీవారు కూడా చేరండి. ఏడాదికి 436 రూపాయలు, చేరిన మొదటి 30 రోజులు దాటాక ఏ కారణంతో పోయినా కుటుంబానికి రెండు లక్షలు. 20 రూపాయల సురక్షా బీమా మాత్రం ప్రమాదాలకే. మీ వేళ్ల వంకరలకు అందులో క్లెయిమ్ రాదు. కొంతమంది ఏజెంట్లు వస్తుందని చెప్పి తిప్పుతున్నారు, నమ్మకండి. ఆటో నడిపే మీవారికి మాత్రం అది తప్పనిసరిగా ఉండాలి.

తిరిగి పరీక్షించాక కూడా 40 రాకపోతే? కారణం రాతపూర్వకంగా అడగండి. మీకు వేసిన శాతం లెక్కల కాగితం ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. సర్టిఫికెట్ మీద అప్పీలుకు దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ హక్కు ఇస్తోంది. రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలోనూ అర్జీ ఇవ్వొచ్చు. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. మహిళలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవల చట్టమే చెబుతోంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. హైకోర్టు దాకా వెళ్లాలా వద్దా అన్నది వాళ్లు మీ కాగితాలు చూసి చెప్పాక ఆలోచిద్దాం. ఇప్పటికి 40 రాకపోయినా, జబ్బు ముదిరితే కొత్త కాగితాలతో మళ్లీ పరీక్షకు దరఖాస్తు చేసుకోవచ్చు.

తెలంగాణ పాఠకులకు కూడా ఇందులో చాలావరకు వర్తిస్తుంది. అక్కడ దివ్యాంగుల పింఛను 4,016, అర్హతకు అదే 40 శాతం, చట్టమూ అదే. నెలకు 21 వేల లోపు జీతంతో ఈఎస్‌ఐ ఉన్నవాళ్లయితే పింఛను కన్నా ముందు ఒకటి చూసుకోవాలి. నిర్ణీత దీర్ఘకాలిక జబ్బులకు 80 శాతం వేతనంతో పొడిగించిన అనారోగ్య భృతి ఉంది. రెండేళ్ల సర్వీసు నిండకముందే ఉద్యోగం మానేసి ఆ హక్కు పోగొట్టుకుంటున్నవాళ్లు ఉన్నారు.

చివరిగా మీ అమ్మాయి సంగతి. చదువు మానిపించకండి. మీ లోటు నెలకు ఆరు వేలు, అది కూడా కొన్ని నెలలకు. పైన చెప్పినట్టు ఎఫ్‌డీ మీద 36 వేలు తీసుకున్నా తన కోసం దాచిన దాంట్లో 54 వేలు ముట్టకుండా ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తోందో లేదో కాలేజీలో ఈ వారమే అడిగి తెలుసుకోండి. తను నిజంగా సాయం చేయాలనుకుంటే ఆదివారం కూర్చుని మీ అర్జీ, ఆ నోటుబుక్కు రాసిపెట్టమనండి. వేళ్లు సహకరించని మీకు ఇప్పుడు కావలసిన సాయం అదే.